దారి పక్క వింతల దగ్గర బండి ఆపాలా? డల్లాస్ నుంచి గ్రాండ్ క్యాన్యన్ వెళ్లే కుటుంబానికి జవాబు

మీ ప్రశ్నను ముందుగా ఒకసారి చెప్పుకుని జవాబులోకి వెళతాను. జూన్‌లో గుంటూరు నుంచి వచ్చే మీ అమ్మానాన్నలతోనూ, ఎనిమిదేళ్ల పాపతోనూ, పన్నెండేళ్ల బాబుతోనూ కలిసి డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి గ్రాండ్ క్యాన్యన్‌కు కారులో వెళ్లాలనుకుంటున్నారు. దారిలో నేలలో నిలువునా పాతిన కార్లు, గుడారం ఆకారంలో కట్టిన మోటెల్ (కారు ప్రయాణికుల బస) గదులు, ఎక్కి కూర్చోవడానికి వీలైన పెద్ద కుందేలు బొమ్మ వంటి వింతలు ఉన్నాయని స్నేహితులు చెప్పారు. వాటి దగ్గర ఆగితే కాలం వృథా అవుతుందా, ఆగేటట్లయితే వేటిని ఎంచుకోవాలి, డెబ్బై ఏళ్ల పెద్దవాళ్లకు అక్కడ చూడదగినది ఏముంటుంది అన్నవి మీ సందేహాలు. మరుసటి ఏడాది, అమెరికా అధ్యక్షుల ముఖాలు చెక్కిన కొండ మౌంట్ రష్మోర్ వైపు వెళ్లే ఆలోచన ఉందని, ఆ దారి గురించి కూడా ఒక మాట చెప్పమని అడిగారు.

తప్పకుండా ఆగమనే నా సలహా. అయితే రోజుకు రెండు చోట్లకు మించి పెట్టుకోవద్దు. ఆగబోయే చోటును ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో అక్కడికి చేరడానికి అరగంట ముందే కారులో అందరికీ చెప్పండి. ఈ రెండో షరతు మొదటిదానికన్నా ముఖ్యమైనది. కథ తెలియకుండా చూసినవాళ్లకు అక్కడ రంగు వేసిన సిమెంటు, తుప్పు పట్టిన ఇనుము మాత్రమే కనిపిస్తాయి. ఫోటో తీసుకుని అయిదు నిమిషాల్లో మళ్లీ కారెక్కుతారు.

ఇరవై ఏళ్ల కిందట మొదటిసారి ఈ దారిన మా అమ్మానాన్నలను తీసుకువెళ్లినప్పుడు, గ్రాండ్ క్యాన్యన్ ఒక్కటే చూడవలసిన చోటు, మధ్యలో ఉన్నదంతా దాటవలసిన దూరం అనుకున్నాను. పెట్రోలుకు తప్ప ఎక్కడా ఆపకుండా ఒక్క రోజులో న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీ చేరాము. అంటే దాదాపు 650 మైళ్లు. రాత్రికి నాన్నగారి పాదాలు వాచిపోయాయి, మర్నాడు ఆయన మంచం దిగలేకపోయారు, ఆ రోజంతా హోటల్ గదిలోనే గడిచింది. ఆ పొరపాటు నాదే. ఆ తర్వాత చేసిన ప్రయాణాలన్నింటిలోనూ రెండు గంటలకు ఒకసారి ఏదో ఒక చోట దిగి నడిచేలా చూసుకున్నాను. అలా ఆగడానికి ఈ దారి పక్క వింతలకన్నా అనువైన చోట్లు నాకు కనబడలేదు.

ఇవి ఈ దారి మీదనే ఇంత దట్టంగా ఎందుకు ఉన్నాయో చెబుతాను. మీరు టెక్సాస్‌లోని అమరిల్లో దగ్గర ఎక్కబోయే ఇంటర్‌స్టేట్ 40 (రాష్ట్రాలను కలిపే పెద్ద రహదారి), చాలా చోట్ల పాత రూట్ 66 రహదారికి పక్కనే, కొన్ని చోట్ల దాని మీదనే వేసినది. రూట్ 66 ఏర్పడింది 1926 నవంబరు 11న. షికాగో నుంచి లాస్ ఏంజెలెస్ తీరంలోని శాంటా మోనికా వరకు, ఎనిమిది రాష్ట్రాల మీదుగా, సుమారు 2,448 మైళ్ల దారి అది. ఇప్పటి ఇంటర్‌స్టేట్‌లాగా ఊళ్లకు దూరంగా పోయే రోడ్డు కాదు. ప్రతి ఊరి నడిబజారు గుండా సాగేది. ఆ బజారులోని పెట్రోలు బంకు, భోజనశాల, బస, సోడా కొట్టు అన్నీ దారిన పోయే కార్ల మీదనే బతికేవి. కారులో పోయే మనిషి కళ్లు ఒక కొట్టు మీద నిలిచేది కొద్ది క్షణాలే. ఆ క్షణాల్లోనే అతడు బ్రేకు మీద కాలు వేయాలి. అందుకని మామూలు బోర్డు చాలక, కొట్టునే బోర్డుగా కట్టడం మొదలుపెట్టారు.

ఆ కాలంలో దారి పక్క ప్రకటనలను కూడా జనం వినోదంగానే చదివేవారు. బర్మా షేవ్ అనే గడ్డం గీసుకునే క్రీము కంపెనీ 1925 నుంచి 1963 వరకు రోడ్ల పక్కన చిన్న చిన్న పలకలను వరుసగా పాతించింది. ఒక్కో పలక మీద ఒక్కో ముక్క చొప్పున, మనం పద్యాన్ని పాదం పాదంగా చదువుకున్నట్టు చదువుకుంటూ పోతే, చివరి పలక మీద క్రీము పేరు వచ్చేది. పిల్లలు కారులో వాటిని గట్టిగా చదువుతూ వెళ్లేవారని ఆ తరం అమెరికన్లు ఇప్పటికీ చెబుతారు. మన వైపు హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లేటప్పుడు పరిటాల దగ్గరి 135 అడుగుల ఆంజనేయస్వామి కనబడగానే ఊరు దగ్గర పడిందని పిల్లలు లేచి కూర్చుంటారు కదా. ఆ విగ్రహం భక్తితో కట్టినది, ఇవి వ్యాపారం కోసం కట్టినవి కాబట్టి రెండూ ఒకటి కావు. కానీ దూరాన్ని గుర్తులతో కొలుచుకునే ఆ ఆనందం మీ అమ్మానాన్నలకు కొత్తది కాదు. వాళ్లకు విషయాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పండి.

1956లో ఇంటర్‌స్టేట్ రహదారుల చట్టం వచ్చింది. కొత్త రోడ్డు ఊరి పక్కగా పోగానే, ఊళ్లోని వ్యాపారం కొన్నాళ్లలోనే ఎండిపోయింది. 1965లో రహదారుల సుందరీకరణ చట్టం పెద్ద రోడ్ల పక్క ప్రకటన బోర్డులకు హద్దులు పెట్టింది. రూట్ 66 మీద ఇంటర్‌స్టేట్ చివరగా పక్కకు నెట్టిన ఊరు అరిజోనాలోని విలియమ్స్. అది జరిగింది 1984 అక్టోబరులో. మరుసటి ఏడాది రూట్ 66ను జాతీయ రహదారుల జాబితా నుంచి తొలగించారు. ఈ రోజు మీకు కనబడే గుడారాలు, కుందేళ్లు, నియాన్ దీపాలతో వెలిగే పిట్టలు ఇన్ని దెబ్బలు తట్టుకుని మిగిలినవి. వాటిలో చాలావాటిని ప్రభుత్వాలు కాక కుటుంబాలే నిలబెట్టాయి. నేను వాటి దగ్గర ఆగమనడానికి అసలు కారణం ఇదే.

ఇక మీ దారికి వస్తాను. మొదటి రోజు ఫ్రిస్కో నుంచి అమరిల్లో వరకు సుమారు 350 మైళ్లు. పెద్దవాళ్లతో అంతకు మించి వద్దు. సాయంత్రం ఎండ తగ్గాక, మీరు విన్న పాతిన కార్లున్న కాడిలాక్ రాంచ్‌కు వెళ్లండి. ఊరికి పడమట, ఇంటర్‌స్టేట్‌లో 60, 62 ఎగ్జిట్ల మధ్య, దక్షిణం వైపు పక్కరోడ్డు మీద ఉంటుంది. ప్రవేశ రుసుము లేదు. మిగతావి వ్యాపారం కోసం పుట్టినవి, ఇది మాత్రం కాదు. 1974లో శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన యాంట్ ఫార్మ్ అనే కళాకారుల బృందం, అమరిల్లోకు చెందిన స్టాన్లీ మార్ష్ అనే ధనికుడి అండతో, పది పాత కాడిలాక్ కార్లను ముక్కు కిందికి పెట్టి, తోకలు పైకి లేచేలా వరుసగా పాతిపెట్టింది. ఆ కార్లు 1949 నుంచి 1963 వరకు వచ్చిన నమూనాలు. వాటి వెనుక రెక్కలు ఏడాదికేడాది ఎలా ఎదిగాయో, చివరికి ఎలా తగ్గిపోయాయో ఆ వరుసలో నడుస్తూ చూడవచ్చు. మీ బాబుకు ఈ ఒక్క మాట చెప్పి, రెక్కలను పోల్చి చూడమనండి. అరగంట అక్కడి నుంచి కదలడు. ఊరు పెరిగి దగ్గరికి వచ్చేయడంతో 1997లో మొత్తం వరుసను తవ్వి తీసి రెండు మైళ్ల దూరంలో మళ్లీ పాతారు.

అక్కడ కార్ల మీద ఎవరైనా రంగు చల్లవచ్చు. దశాబ్దాలుగా పడిన పొరల వల్ల ఇనుము అసలు ఆకారమే మారిపోయి, రంగు అరచేతి మందంలో పేరుకుపోయింది. పిల్లలు తమ పేర్లు తెలుగులో రాసుకోవడం చాలా ఇష్టపడతారు, మర్నాటికి దాని మీద ఇంకొకరు రాస్తారని ముందే చెప్పండి. రంగు డబ్బాలను ఊళ్లోనే కొనుక్కుని వెళ్లండి. గాలి విపరీతంగా వీచే మైదానం అది, కాబట్టి గాలికి వీపు పెట్టి నిలబడి చల్లాలి, పాత బట్టలు వేసుకోవాలి. ఖాళీ డబ్బాలను పొలంలో పడేయకుండా చెత్తకుండీ దాకా తీసుకువెళ్లండి. వాన పడిన మర్నాడు మాత్రం పెద్దవాళ్లను తీసుకువెళ్లవద్దు. గేటు నుంచి కార్ల దాకా నడిచే నేల బంకమట్టిలా మారి జారుతుంది.

రెండో రోజు ఆల్బుకర్కీ దాకా సుమారు 290 మైళ్లు. అమరిల్లో నుంచి గంట లోపే ఆడ్రియన్ అనే చిన్న ఊరు వస్తుంది. షికాగోకు 1,139 మైళ్లు, లాస్ ఏంజెలెస్‌కు 1,139 మైళ్లు అని రాసిన బోర్డు అక్కడ ఉంది. రూట్ 66కు నడిమి ఊరుగా చెప్పుకునేది అదే; ఆ దారి పలుమార్లు మారింది కాబట్టి ఈ లెక్క పైన చెప్పిన పొడవుకు సరిగ్గా కుదరదు. పది నిమిషాలు చాలు. తర్వాత టెక్సాస్ సరిహద్దు మీద గ్లెన్‌రియో కనిపిస్తుంది. ఇంటర్‌స్టేట్ పక్కకు పోయాక జనం విడిచిపెట్టిన ఊరు. మూతబడిన మోటెల్, కప్పు కూలిన కొట్లే ఎక్కువగా కనిపిస్తాయి. అక్కడ కారు దిగకపోయినా, నెమ్మదిగా ఒకసారి ఆ వీధి వెంట పోనివ్వండి. పిల్లలకు ఇంటర్‌స్టేట్ చేసిన పని ఏమిటో ఏ మాటలూ అక్కర్లేకుండా అర్థమవుతుంది.

న్యూ మెక్సికోలోని టూకమ్‌కేరి అనే ఊరిని వెళ్లేటప్పుడు పగలు దాటిపోండి. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం రాత్రి అక్కడే ఉండేలా ఏర్పాటు చేసుకోండి. ఒకప్పుడు వందల మైళ్ల దూరం నుంచే ‘టూకమ్‌కేరి టునైట్’ అంటూ, 2,000 గదులున్నాయని చాటే బోర్డులు ఈ ఊరికి పిలిచేవి. ఇప్పుడు ఊరు బాగా చిన్నబోయింది. కానీ చీకటి పడగానే బ్లూ స్వాలో అనే మోటెల్ ముందు నీలం రంగు పిట్ట వెలుగుతుంది. 1939లో కట్టడం మొదలైన ఈ మోటెల్‌లో గదుల పక్కనే కారు పెట్టుకునే షెడ్లు ఉంటాయి. బోర్డు మీద చల్లని గాలి నూటికి నూరుపాళ్లు ఉంటుందని నియాన్ అక్షరాల్లో ఇప్పటికీ ఉంది. లిలియన్ రెడ్‌మన్ అనే ఆవిడ 1958 నుంచి దాదాపు 40 ఏళ్లు దీన్ని నడిపారు. డబ్బు లేని ప్రయాణికులకు కూడా ఆమె గది ఇచ్చేవారని ఆ దారిన పోయినవాళ్లు చెప్పుకుంటారు. నేనైతే మొత్తం దారిలో ఒక్క రాత్రి మాత్రమే ఎంచుకోమంటే ఈ రాత్రినే ఎంచుకుంటాను. గదులు తక్కువ కాబట్టి కొన్ని నెలల ముందే మాట్లాడుకోవాలి.

మూడో రోజు ఆల్బుకర్కీ నుంచి అరిజోనాలోని హోల్‌బ్రూక్‌కు సుమారు 235 మైళ్లు. ఊరికి ముందే పెట్రిఫైడ్ ఫారెస్ట్ జాతీయ ఉద్యానవనం వస్తుంది. కోట్ల ఏళ్ల కిందటి చెట్లు రాళ్లుగా మారిన చోటు అది. రూట్ 66 పాత బాటలో ఒక ముక్కను తన హద్దుల్లో కాపాడుకుంటున్న జాతీయ ఉద్యానవనం అదొక్కటే. అక్కడ 1932 నాటి స్టూడ్‌బేకర్ కారు ఒకటి తుప్పు పట్టి నిలబడి ఉంటుంది. దాని వెనుక టెలిఫోన్ స్తంభాల వరుస పాత దారి ఎటు పోయేదో చూపిస్తుంది. ఉద్యానవనంలో రాయి ముక్క ఒక్కటి తీసుకున్నా నేరమని పిల్లలకు ముందే చెప్పండి. హోల్‌బ్రూక్‌లోని రాళ్ల కొట్లలో ప్రైవేటు భూముల నుంచి తెచ్చిన ముక్కలు అమ్ముతారు, కావాలంటే అక్కడ కొనుక్కోవచ్చు. ఆ కొట్ల ముందు నిలబెట్టిన డైనోసార్ బొమ్మలను మీ పాప ఎలాగూ చూడకుండా వదలదు.

ఆ రాత్రి విగ్వామ్ మోటెల్‌లో ఉండండి. కెంటకీకి చెందిన ఫ్రాంక్ రెడ్‌ఫర్డ్ శంకువు ఆకారపు గుడారాల్లాంటి సిమెంటు గదులతో ఒక బసను కట్టాడు. అది చూసి ముచ్చటపడిన చెస్టర్ లూయిస్ అనే హోల్‌బ్రూక్ వ్యాపారి ఆ నమూనాను కొని, 1950లో ఇక్కడ పదిహేను గదులు కట్టాడు. నమూనాకు బదులుగా చేసుకున్న ఒప్పందం విచిత్రమైనది: ప్రతి గదిలో నాణెం వేస్తే అరగంట పాడే రేడియో పెట్టి, అందులో పడిన పది సెంట్ల నాణేలను రెడ్‌ఫర్డ్‌కు పంపేవారు. ఇంటర్‌స్టేట్ వచ్చాక మోటెల్ మూతబడింది. 1988లో లూయిస్ కుటుంబ సభ్యులు మళ్లీ తెరిచారు. ఇలాంటి బసలు దేశం మొత్తం మీద ఏడు కడితే, నేడు మూడే మిగిలాయి. కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినో దగ్గరున్న మూడోదాన్ని పాడుబడిన స్థితి నుంచి బాగు చేసి నిలబెట్టింది ఒక గుజరాతీ కుటుంబం. మీ నాన్నగారికి ఈ సంగతి తప్పక నచ్చుతుంది. గదులు చిన్నవి, గోడలు లోపలికి వాలి ఉంటాయి, స్నానాల గది ఇరుకు. మీకు రెండు గదులు అవసరమవుతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఈ ఇబ్బందిని ముందే తెలుసుకుని ఒప్పుకుంటేనే తీసుకోండి.

ఇక్కడ ఒక విషయం పిల్లలకు చెప్పకుండా దాటవద్దు. ఆ శంకువు గుడారం పేరు టీపీ; విగ్వామ్ అన్నది వేరే ప్రాంతపు తెగల గుమ్మటం లాంటి ఇల్లు. టీపీలు గ్రేట్ ప్లెయిన్స్ అనే విశాల మైదానాల్లో అడవిదున్నల వెంట తిరిగిన తెగలవి. హోల్‌బ్రూక్ చుట్టుపక్కల ఉండే నవాహో, హోపీ ప్రజల ఇళ్లు పూర్తిగా వేరు. దారిన పోయే తెల్లవాళ్లను ఆకర్షించడానికి వ్యాపారులు అన్ని తెగలనూ ఒకే వేషంలో చూపించారు. ఈ దారి సొగసును ప్రేమించేవాళ్లు ఈ అన్యాయాన్ని కూడా గుర్తుంచుకోవాలి. ‘ఇండియన్’ అని రాసిన బోర్డులు వరుసగా కనిపిస్తే మీ అమ్మగారు మన వాళ్ల కొట్లనుకోవచ్చు, ఆమెకు కూడా ఈ కథ చెప్పండి. ఆమె వెండి, పచ్చరాళ్ల నగలు చూసి ముచ్చటపడితే, ఎవరు చేశారో, ఏ తెగవారో అడిగి తెలుసుకుని కొనండి. ఆదివాసులు చేయని వస్తువును వాళ్లు చేసినదని అమ్మడం 1990 నాటి చట్టం ప్రకారం నేరం, నిజాయితీగల వ్యాపారి ఆ ప్రశ్నకు జంకడు.

నాలుగో రోజు హోల్‌బ్రూక్ నుంచి ఇరవై మైళ్ల లోపే జోసెఫ్ సిటీ దగ్గర జాక్ రాబిట్ కొట్టు వస్తుంది. 1949లో దీన్ని మొదలుపెట్టిన యజమాని, వందల మైళ్ల పొడవునా రోడ్డు పక్క నల్ల కుందేలు బొమ్మలున్న పసుపు బోర్డులు పెట్టించి, వచ్చిపోయేవాళ్లలో కుతూహలం పెంచాడు. చివరికి కొట్టు ముందు ‘ఇదిగో ఇక్కడే’ అనే అర్థం వచ్చే పెద్ద బోర్డు నిలబెట్టాడు. దాని పక్కనే మీరు విన్న కుందేలు ఉంటుంది. పిల్లలు దాని మీద కూర్చుని ఫోటో దిగాక, లోపలికి వెళ్లి ఒక సోడానో, ఒక పోస్టుకార్డో తప్పక కొనండి. ఉచితంగా చూపించే ఈ వింతలు ఆ చిన్న కొనుగోళ్లతోనే నిలుస్తున్నాయి. అక్కడి నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా సాయంత్రానికి గ్రాండ్ క్యాన్యన్ చేరవచ్చు. దారిలో ఉల్క పడిన పెద్ద గొయ్యి కూడా ఉంది. అది సుమారు 50,000 ఏళ్ల కిందట ఏర్పడింది, టికెట్ ధర ఎక్కువే అయినా నాకు అన్యాయమనిపించలేదు. అయితే కుందేలు, గొయ్యి చూశాక ఆ రోజుకు ఇంకేమీ పెట్టుకోవద్దు.

నేను వద్దనే రకం ఒకటి ఉంది. దేశమంతటా గురుత్వాకర్షణ పనిచేయదని చెప్పుకునే ‘మిస్టరీ’ ఇళ్లు కనిపిస్తాయి. అవి వాలుగా కట్టిన గదుల వల్ల కలిగే కంటి భ్రమలు. పన్నెండేళ్ల కుర్రాడికి ఆ భ్రమ ఎలా పుడుతుందో వివరించే ఓపిక ఉంటే ఒకసారి చూడవచ్చు. లేకపోతే పెద్దవాళ్లకు తలతిప్పు తప్ప మిగిలేది ఉండదు.

జాగ్రత్తలు కొన్ని చెప్పాలి. న్యూ మెక్సికోలో గడియారం టెక్సాస్ కన్నా గంట వెనక్కి పోతుంది. వేసవిలో అరిజోనాలో మరో గంట వెనక్కి పోతుంది, కానీ ఆ రాష్ట్రంలోనే నవాహో ప్రాంతంలో మాత్రం న్యూ మెక్సికో సమయమే నడుస్తుంది. చిన్న కొట్లు సాయంత్రం త్వరగా మూసేస్తాయి కాబట్టి ఈ తేడా గుర్తుంచుకోండి. శాకాహారం దొరకడం కష్టం. మేము ఎప్పుడూ మొదటి రోజుకు పులిహోర, తర్వాతి రోజులకు ఒక చిన్న రైస్ కుక్కర్, పెరుగు డబ్బాలు, జంతికలు తీసుకువెళతాము. ఫ్లాగ్‌స్టాఫ్, గ్రాండ్ క్యాన్యన్ దాదాపు ఏడు వేల అడుగుల ఎత్తున ఉన్నాయి. జూన్‌లో కూడా తెల్లవారుజామున చలి ఉంటుంది, అమ్మగారికి శాలువా ఉంచండి. రక్తపోటు, ఆయాసం ఉన్నవాళ్లు ఆ ఎత్తు గురించి బయల్దేరే ముందే వైద్యుడిని అడగాలి.

మౌంట్ రష్మోర్ దారిలో అయితే సౌత్ డకోటాలో రెండు ఉన్నాయి. మిచెల్ ఊళ్లో మొక్కజొన్న భవనం ఉంది. 1892లో మొదటిది కట్టారు, ఇప్పటిది 1921 నాటిది. రకరకాల రంగుల మొక్కజొన్న కంకులను సగానికి చీల్చి, మేకులతో గోడలకు కొట్టి పెద్ద పెద్ద బొమ్మలు తీర్చిదిద్దుతారు, పాతవి తీసి మళ్లీ కొత్తవి వేస్తుంటారు. మొక్కజొన్న పండించే గుంటూరు జిల్లా నుంచి వచ్చిన మీ నాన్నగారు అక్కడ మీకన్నా ఎక్కువసేపు నిలబడతారని నా నమ్మకం.

రెండోది వాల్ ఊళ్లోని మందుల కొట్టు. టెడ్, డొరోథీ హస్టెడ్ దంపతులు 1931లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, మూడు వందల పైచిలుకు జనం ఉన్న ఆ ఊళ్లో ఈ కొట్టు కొన్నారు. దాదాపు అయిదేళ్లు గడిచినా బేరం లేదు. 1936 వేసవిలో ఒక మధ్యాహ్నం, రోడ్డు మీద పోయే కార్ల రొదకు నిద్ర పట్టని డొరోథీకి, ఎండలో ఎడారిలాంటి మైదానం దాటి వచ్చే ఆ జనానికి కావలసింది చల్లని నీళ్లు కదా అన్న ఆలోచన వచ్చింది. ఐసు నీళ్లు ఉచితం అని చెప్పే బోర్డులను టెడ్ వెళ్లి రోడ్డు పక్కన పాతి తిరిగి వచ్చేసరికే కొట్టు ముందు జనం ఉన్నారు. ఎండాకాలంలో చలివేంద్రం పెట్టే ఊళ్ల నుంచి వచ్చిన మీ అమ్మగారికి ఈ కథ మీరు సగం చెప్పేసరికే మిగతాది అర్థమవుతుంది. ఆ కొట్టు ఇప్పుడు ఒక వీధంత పెద్దదైంది, ఊరికి తిరిగే ఇంటర్‌స్టేట్ ఎగ్జిట్ దగ్గర 80 అడుగుల డైనోసార్ కూడా నిలబెట్టారు. లోపల కాఫీ ఇప్పటికీ అయిదు సెంట్లే; నీళ్లకు ఇప్పటికీ డబ్బు తీసుకోరు.